శాలువా కన్నా ముందు రిజిస్టరు: మన హైస్కూల్లో చదివినవాళ్ళనూ, పనిచేసినవాళ్ళనూ సన్మానించుకునే పద్ధతి

డిసెంబరు, జనవరి వచ్చాయంటే విశాఖలో ఏదో ఒక బడి ఆవరణలో షామియానా లేస్తుంది. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని ఫ్లెక్సీ, మాస్టార్లకు శాలువాలు, గ్రూప్ ఫొటో, భోజనాలు. అది బ్యాచ్ కలయిక. మంచిదే, జరగాల్సిందే. కానీ ఇక్కడ చెప్పబోయేది వేరే పని. బడి తన తరఫున, ఏటా, ఒక పద్ధతి ప్రకారం, తన దగ్గర చదివినవాళ్ళలో, పనిచేసినవాళ్ళలో కొందరిని ఎంచి, వాళ్ళ పేర్లు గోడ మీద నిలిచేలా గౌరవించుకోవడం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) హైస్కూలైనా, జిల్లా పరిషత్ హైస్కూలైనా, సర్కారు బాలికల పాఠశాలైనా దారి ఒకటే.

ఈ పనిలో ఎక్కువ శ్రమ వేదిక మీద ఉండదు, ఆఫీసు గదిలో బీరువా దగ్గర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా అన్నది కాగితం మీద తేలకుండా శాలువా కొనకండి.

తేదీ

ఆరు నెలల ముందు, అంటే జూలైలో మొదలుపెట్టి డిసెంబరులో చేయండి. అమెరికా, గల్ఫ్‌లలో ఉన్నవాళ్ళు ఆ నెలలో ఎక్కువగా వస్తారు, ఎండ బాధ ఉండదు. సంక్రాంతికి ఊరంతా వస్తుంది గదా అని చాలామంది భోగికి అటూ ఇటూ పెట్టుకుంటారు. అప్పుడు బడికి సెలవులు. పిల్లలు లేని సన్మానం ఖాళీ ఇంట్లో పెళ్ళి లాంటిది. పనిదినమైన శనివారం చూసుకోండి. రెండో శనివారం సెలవు కాబట్టి దాన్ని వదిలేయండి. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఈ ఊళ్ళోనే. ఆ నెలల్లో వాయుగుండం కబురు వస్తే బడికి సెలవిచ్చేస్తారు, దూరం నుంచి టికెట్లు కొనుక్కున్న పెద్దవాళ్ళు ఇరుక్కుపోతారు.

పదో తరగతి పిల్లలకు డిసెంబరు నుంచి పరీక్షల హడావిడి మొదలవుతుంది. అందుకని మొత్తం కార్యక్రమం ఒక పూటకు మించకూడదు. ఎన్నికల కోడ్ వచ్చే సూచన ఉంటే తేదీ ఖాయం చేసే ముందే హెడ్మాస్టారితో మాట్లాడండి. కోడ్ పడ్డాక వేదిక మీద ఎవరు కూర్చున్నా అనుమానమే.

అనుమతి

మొదటి కాగితం హెడ్మాస్టారి పేరిట ఉండాలి. ఆయన లేదా ఆమె దాన్ని ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) ద్వారా గానీ, డిప్యూటీ డీఈవో (ఉప విద్యాశాఖాధికారి) ద్వారా గానీ పైకి పంపుతారు. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం దానికి జత చేయండి. గోడకు రాయి బిగించే ఆలోచన ఉంటే ఆ మాట దరఖాస్తులోనే రాయాలి. భవనం జీవీఎంసీదైతే కార్పొరేషన్‌ను, జిల్లా పరిషత్‌దైతే పరిషత్‌ను కూడా అడగాలి. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజనతో పరవాడ, సబ్బవరం వైపు బడులు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. అక్కడి వాళ్ళు పాత అలవాటుతో విశాఖ డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) పేరు మీద రాస్తే కాగితం తిరిగొస్తుంది.

మైకు పెడుతున్నామని పోలీస్ స్టేషన్‌లో ఒక దరఖాస్తు ఇవ్వండి. బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కింద వస్తుంది. నాలుగు పెద్ద బాక్సులు అక్కర్లేదు, వేదికకు రెండు, వెనక వరసకు ఒకటి చాలు.

కమిటీ

ఏడుగురు. హెడ్మాస్టారు, ఆ బడిలో ఎక్కువకాలంగా ఉన్న ఒక ఉపాధ్యాయిని, యాజమాన్య కమిటీ నుంచి ఒకరు, వేర్వేరు దశాబ్దాల పూర్వ విద్యార్థులు ముగ్గురు, మరో బడిలో చేసి రిటైరైన మాస్టారు ఒకరు. ఈ ఏడో మనిషి ముఖ్యం. ఆయనకు మీ బడి పాత పేచీలు తెలియవు, ఎవరి మొహమాటమూ ఉండదు. ముగ్గురు పూర్వ విద్యార్థులూ ఒకే బ్యాచ్ వాళ్ళైతే ఎంపికంతా ఆ బ్యాచ్ చుట్టూనే తిరుగుతుంది.

కమిటీలో ఉన్నవాళ్ళకు, వాళ్ళ రక్తసంబంధీకులకు ఆ ఏడాది సన్మానం లేదు. ఇది మొదటి సమావేశంలోనే మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. తర్వాత రాస్తే ఎవరినో ఉద్దేశించి రాసినట్టు ఉంటుంది.

బీరువా తెరవడం

హైస్కూల్లో మీకు పనికొచ్చేవి నాలుగైదే: అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్, ఎస్సెస్సీ మార్కుల రికార్డు, ఉపాధ్యాయుల హాజరు పట్టీలు, జీతాల అక్విటెన్స్ పుస్తకాలు (జీతం అందినట్టు సంతకాలు పెట్టేవి). పాత హెడ్మాస్టార్లు లాగ్‌బుక్ రాసి ఉంటే అది బంగారం. నాటకం ఎవరు వేశారు, ఏ పిల్లవాడు జిల్లా పోటీలకు వెళ్ళాడు లాంటివి అందులో దొరుకుతాయి.

ఆ రిజిస్టర్లు బడి దాటకూడదు. ఇంటికి తీసుకెళ్ళి స్కాన్ చేసి తెస్తానని ఎంత నమ్మకస్తుడు అడిగినా ఇవ్వకండి. ఇద్దరు కూర్చోండి, ఒకరు పేజీ తిప్పుతారు, ఒకరు ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఫొటో తీస్తారు. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు. గంటకు నూట యాభై పేజీలు హాయిగా అవుతాయి. మన సముద్రపు గాలి తేమకు పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. బలవంతంగా లాగితే సిరా పొర లేచిపోతుంది. అలాంటి పుస్తకాన్ని ఫ్యాను గాలి తగిలే గదిలో రెండు రోజులు నిలబెట్టి, పేజీలు వదులయ్యాక తిప్పండి. ఎండలో పెట్టకండి. చిరిగిన చోట సెల్లో టేపు అసలే వేయకండి. నాలుగేళ్ళకు ఆ జిగురు పచ్చబడి, కింద అక్షరాలను కూడా తినేస్తుంది. లామినేషన్ కూడా అంతే, తేమ లోపలే ఉండిపోతుంది.

ఇంకొక మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. అడ్మిషన్ రిజిస్టర్లో కులం, తండ్రి వృత్తి, పుట్టుమచ్చలు ఉంటాయి. ఆ పేజీ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక్కరి పేరు కోసం ముప్ఫై ఇళ్ళ సంగతులు బయటపెట్టినట్టే. మీకు కావలసిన ఐదు గడులు (అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ) కాగితం మీద రాసుకుని అదే వాడండి.

వెతికేటప్పుడు తప్పు జరిగేది పేర్ల దగ్గర. ఉత్తరాంధ్ర బడి రిజిస్టర్లో ఒకే ఏడాది నలుగురు అప్పలరాజులు, ముగ్గురు సన్యాసిరావులు, ఇద్దరు పైడిరాజులు ఉండటం మామూలే. సింహాచలం అని ఉంటే మగపిల్లవాడో ఆడపిల్లో కూడా పేరును బట్టి చెప్పలేం. కాబట్టి పేరుతో ఆగకండి. తండ్రి పేరు, అడ్మిషన్ నంబరు, వెళ్ళిన సంవత్సరం మూడూ కలిస్తేనే మనిషి తేలినట్టు. ఆడవాళ్ళ విషయంలో ఇప్పటి ఇంటిపేరుతో వెతికితే దొరకదు, బడిలో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. జ్ఞాపిక మీద ఏ ఇంటిపేరు వేయాలో వాళ్ళనే అడగండి. కొందరు బడి నాటి పేరే కావాలంటారు, అది వాళ్ళ ఇష్టం.

పుట్టినతేదీలను నమ్మి వయసు ప్రకటించకండి. చేర్చిన రోజున మాస్టారు అంచనాగా వేసిన తేదీలు బోలెడు ఉంటాయి.

ఉపాధ్యాయుల విషయంలో రిటైరైన సంవత్సరం లెక్క కట్టడానికి ఒక గుర్తు: మాస్టార్లకు 2014 జూన్ దాకా 58 ఏళ్ళు, ఆ తర్వాత 60, 2022 జనవరి నుంచి 62. కానీ మీకు కావలసింది ఆ బడిలో ఎన్నాళ్ళు చేశారన్నది. దానికి హాజరు పట్టీయే ఆధారం. సర్వీస్ రిజిస్టరు బదిలీతో పాటు వెళ్ళిపోతుంది, మీ దగ్గర ఉండదు.

అటెండర్లు, ఆయాలు, నైట్ వాచ్‌మన్‌లు, స్వీపర్ల దగ్గర అసలు కష్టం వస్తుంది. వాళ్ళలో చాలామంది పార్ట్‌టైమ్ గానో, కంటింజెంట్ (బడి చిల్లర ఖర్చుల పద్దు) కింద నెలకు కొంత అనో పనిచేశారు. వాళ్ళకు సర్వీస్ రిజిస్టరే ఉండదు. కంటింజెంట్ వోచర్ల మీద వేలిముద్రో సంతకమో దొరుకుతుంది. ఊళ్ళో అందరికీ "గంట తాత" అనే తెలుసు, అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆ పేరు కనుక్కోవడానికి ఒక ఆదివారం పెట్టండి. బడి వెనక వీధిలో వృద్ధులను అడిగితే ఇల్లు దొరుకుతుంది. ఆధార్ మీద ఉన్న పేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ రాసుకోండి. రాయి మీద అసలు పేరు, దాని కింద పిల్లలు పిలిచిన పేరు వేస్తే చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

ఎవరిని ఎంచాలి

సి.వి.రామన్ చిన్నతనంలో విశాఖలో చదువుకుని పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. అలాంటి పేరొకటి తమ బడికి ఉండాలని అందరికీ ఆశే. ఆ ఆశతోనే కమిటీలు మొదట ఐఏఎస్‌లను, ఎమ్మెల్యేలను, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళను లెక్కపెడతాయి. వాళ్ళను సన్మానించే వేదికలు బయట చాలా ఉన్నాయి. విశాఖ సర్కారు బడుల్లో చదివినవాళ్ళు షిప్‌యార్డులో వెల్డర్లయ్యారు, పోర్టులో కళాసీలయ్యారు, కేజీహెచ్‌లో నర్సులయ్యారు, ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మెన్లయ్యారు, జాలరిపేటలో బోటు నడిపారు. తన పనిలో ఒక మెట్టు పైన నిలిచిన మనిషి, ఇరుగుపొరుగుకు పనికొచ్చిన మనిషి మీ బడి బిడ్డైతే, ముందు మీరే గుర్తించాలి. నా లెక్కలో పదిమందిలో ముగ్గురైనా ఇలాంటివాళ్ళు లేని జాబితా సగం జాబితాయే.

నియమాలు కొన్నే పెట్టుకోండి, కానీ గట్టిగా. పూర్వ విద్యార్థి కనీసం రెండేళ్ళు ఆ బడిలో చదివి, బడి వదిలి పదిహేనేళ్ళు దాటి ఉండాలి. పదో తరగతి అక్కడే పాసవ్వాలన్న షరతు వద్దు. ఎనిమిదిలోనే పనికి వెళ్ళిపోయినవాళ్ళను అది తీసేస్తుంది. సిబ్బంది కనీసం ఐదేళ్ళు ఆ బడిలో పనిచేసి, అక్కడి నుంచి వెళ్ళి మూడేళ్ళయి ఉండాలి. ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్ళను కలిపితే స్టాఫ్‌రూమ్‌లో మాటపట్టింపులొస్తాయి. పదవిలో ఉన్న రాజకీయ నాయకులు, బడికి డబ్బిచ్చిన దాతలు ఈ వరసలోకి రారు. దాతకు వేరే రోజు, వేరే పద్ధతిలో కృతజ్ఞత చెప్పండి. సన్మానానికి ధర ఉందన్న మాట ఒక్కసారి పడితే మరి పోదు.

సంఖ్య: మొదటి ఏడాది ఐదుగురు పూర్వ విద్యార్థులు, ముగ్గురు సిబ్బంది. తర్వాత ఏటా ముగ్గురు, ఇద్దరు. సిబ్బందిలో ఒకరు తప్పకుండా బోధనేతరులు. ఇరవై మందికి ఒకేసారి చేస్తే ఎవరికీ రెండు నిమిషాలు కూడా దక్కవు, మరుసటేడాదికి ఉత్సాహమూ మిగలదు.

ప్రతిపాదనల కాగితం ఒక పేజీ చాలు. పేరు, తండ్రి పేరు, బడిలో ఉన్న ఏళ్ళు, చేసిన పని, అది చూసిన ఇద్దరి ఫోన్ నంబర్లు, ప్రతిపాదిస్తున్నవారి సంతకం. ఆగస్టు మొత్తం తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రమే తిప్పితే యాభై ఏళ్ళ లోపువాళ్ళే వస్తారు. కాగితాలు బడి గేటు దగ్గర, వార్డు సచివాలయంలో, రిటైరైనవాళ్ళు కలిసే పార్కుల్లో కూడా ఉంచండి. రాయలేనివాళ్ళు చెబితే తొమ్మిదో తరగతి పిల్లలు రాసిపెట్టొచ్చు.

సెప్టెంబరులో, కాగితంలో ఫోన్ నంబర్లున్న ఆ ఇద్దరికీ కమిటీ ఫోన్ చేయాలి. తర్వాత ఒక్కో కాగితం పైకి చదివి, రహస్య ఓటు. ఏడుగురిలో ఐదుగురు ఒప్పుకుంటేనే ఎంపిక. మార్కులు వేసి కూడటం మంచిది కాదు. అందరికీ ఓ మోస్తరుగా నచ్చినవాళ్ళు పైకొస్తారు, ఒక పనిలో నిజంగా గొప్పవాళ్ళు కిందికి పోతారు. ఎందుకు ఎంచారో రెండు వాక్యాలు మినిట్స్‌లో రాయండి. ఎంపిక కానివాళ్ళ కాగితాలు చింపకండి, మూడేళ్ళు లెక్కలోనే ఉంచండి.

చనిపోయినవారిని కూడా ఎంచొచ్చు, ఏడాదికి ఒకరిని. బతికున్న వృద్ధులు ఎదురుచూస్తుండగా చనిపోయినవారితో జాబితా నింపకండి.

డబ్బు

వ్యక్తి ఫోన్‌పేకి చందాలు రాకూడదు. ఇది ఒక్కటి పాటిస్తే సగం గొడవలు తప్పుతాయి. పూర్వ విద్యార్థుల సంఘాన్ని 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయడానికి ఏడుగురు సభ్యులు చాలు. ఆ పేరుతో బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు కావాలంటే దానికి వేరే నమోదు ఉంది. అది ఉన్నా, రెండు వేలు దాటిన నగదుకు మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే రావాలి.

విదేశాల్లో ఉన్నవాళ్ళ డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై మామూలు బ్యాంకు దారిలో తన సొంత డబ్బు పంపితే చిక్కు లేదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా అది తీసుకోకూడదు. చిన్ననాటి స్నేహితుడే గదా అని తీసుకుంటే చట్టం స్నేహం చూడదు. అలాంటివాళ్ళను డబ్బు కాకుండా, వచ్చి పిల్లలతో ఒక గంట గడపమనండి.

కార్యక్రమం అయిన పదిహేను రోజుల్లో జమాఖర్చు కాగితం బడి నోటీసుబోర్డు మీద ఉండాలి.

ఇంటికి వెళ్ళి అడగడం

ఎంపిక అయ్యాక ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఇద్దరు ఇంటికి వెళ్ళండి, ఒకరు వాళ్ళ కాలం వారైతే బాగుంటుంది. ముందు సమ్మతి అడగండి. వద్దనేవాళ్ళు ఉంటారు, కారణం తవ్వకండి.

అక్కడే కొన్ని సంగతులు కనుక్కుని రాసుకోవాలి. మెట్లు ఎక్కగలరా? వినికిడి ఎలా ఉంది? షుగరు ఉందా, ఎన్నింటికి తింటారు? బొట్టు, అక్షింతలు, పూలదండ వీరికి సమ్మతమేనా? ముస్లిం, క్రైస్తవ మాస్టార్లకు బొట్టు పెట్టబోయి వేదిక మీద ఇబ్బంది పెట్టడం, భర్త పోయిన టీచరమ్మ దగ్గరికి కుంకుమ పళ్ళెం తెచ్చి మళ్ళీ వెనక్కు తీసుకెళ్ళడం, ఈ రెండూ ఎవరూ కావాలని చేయరు, అడగకపోవడం వల్లే జరుగుతాయి. ఆ ఇంట్లో అలాంటి పట్టింపు లేకపోతే ఆమెకూ అందరితో సమానంగా పూలూ కుంకుమా ఇవ్వండి. చెప్పాల్సింది ఆమె, మీరు కాదు.

పాత ఫొటో ఒకటి అడగండి. అక్కడికక్కడే ఫోన్‌తో తీసుకుని ఒరిజినల్ వాళ్ళకే ఇచ్చేయండి. తీసుకెళ్ళిన ఫొటోలు తిరిగి రావు.

సన్మాన పత్రం

విద్యాకుసుమాలు, జ్ఞానజ్యోతులు, మహోన్నత వ్యక్తిత్వాలు వద్దు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి, అందుకే ఎవరికీ చెందవు. తెలుగు మాస్టారు పద్యం రాస్తానంటే ఒకటి రాయనివ్వండి, అదొక అందం. మిగతాది వచనంలో, నూరు నూటఇరవై మాటలు మించకుండా, ఆ మనిషి చేసిన పనిని పనిగా చెప్పాలి. ఒక ఆయాకు రాసేది ఇలా ఉండొచ్చు, ఇది నమూనా మాత్రమే:

"శ్రీమతి ………… గారు ఈ బడిలో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. పొద్దున్నే గేటు తీసింది వీరే. సాయంత్రం ఆఖరి పిల్ల ఆటో ఎక్కేదాకా గేటు దగ్గర నిలబడిందీ వీరే. తుపాను నాడు ఆఫీసు గదిలోకి నీళ్ళొస్తుంటే అడ్మిషన్ రిజిస్టర్లను ఒక్కొక్కటిగా బీరువా పై అరలోకి ఎక్కించారు. ఈ రోజు ఎవరు వచ్చి అడిగినా మనం వాళ్ళ పేరు వెతికి ఇవ్వగలుగుతున్నామంటే అందుకే. ఒంట్లో బాగోలేని ఆడపిల్ల టీచరుకు చెప్పుకోలేక మొదట వెళ్ళింది వీరి దగ్గరికే. అమ్మా, ఈ బడి మీకు రుణపడి ఉంది."

చూడండి, ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. రాసినదాన్ని వారం ముందు వాళ్ళింట్లో ఒకరికి చదివి వినిపించి, తప్పులు దిద్దుకోండి. అక్షరం పద్దెనిమిది పాయింట్లకు తగ్గకూడదు, తీసుకునేవాళ్ళు పెద్దవాళ్ళు.

రాయి, జ్ఞాపిక

ఇనుప బోర్డు విశాఖలో రెండు వానాకాలాలకే తుప్పు పడుతుంది. ఇత్తడి పలక పచ్చబడుతుంది, నెలనెలా చింతపండుతో తోమే మనిషి ఉంటే తప్ప అక్షరం కనిపించదు. స్టీలు వేయాలంటే 316 రకం అడగండి. మామూలు 304 మీద ఉప్పుగాలికి గోధుమరంగు మచ్చలొస్తాయి. అన్నిటికన్నా నిలిచేది గ్రానైటే. టెక్కలి నీలిరాయి మన శ్రీకాకుళం జిల్లాదే, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని చారల్లో అక్షరం కలిసిపోతుంది. మెరుపు చుక్కలున్న గెలాక్సీ రాయిదీ అదే ఇబ్బంది. మచ్చలేని నల్లరాయి, పాలిష్ చేసినది తీసుకోండి. దాని మీద చెక్కిన అక్షరం రంగు వేయకపోయినా తెల్లగా కనిపిస్తుంది. బంగారు రంగు నింపితే మొదట బాగుంటుంది, ఉప్పుగాలికి అది పెచ్చులు ఊడినప్పుడు సగం పేర్లు చదవలేం. రంగు వద్దనే చెప్పండి.

అందరి పేర్లతో ఒకే పెద్ద పలక చేయించకండి. నాలుగడుగులు వెడల్పు, మూడడుగులు ఎత్తు, 18 మిల్లీమీటర్ల మందమున్న రాయి యాభై అయిదు, అరవై కిలోలు తూగుతుంది. పాత గోడ దాన్ని మోయదు, కొత్త పేర్లు చేర్చడానికి చోటూ ఉండదు. ఒక్కొక్కరికి పన్నెండు అంగుళాలు, ఆరు అంగుళాల చిన్న పలక చేయించండి. రెండున్నర కిలోల లోపే ఉంటుంది. గోడ మీద గడులు గీసుకుని ఏటా ఒక వరస కలుపుకుంటూ పోవచ్చు. బిగించే చోట గోడ రంగు పూర్తిగా గీకేయాలి. రంగు మీద అంటిస్తే రంగుతో పాటు రాయి ఊడివస్తుంది. జిగురుతో పాటు వెనక రెండు స్టీలు పిన్నులు కూడా పెట్టించండి.

చెక్కించేటప్పుడు అచ్చుతప్పులు వచ్చేది ఫాంటు దగ్గర. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు. దుకాణం వాళ్ళు పాత అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. "సూర్యనారాయణ"లో య-ఒత్తు ఎగిరిపోతుంది, "లక్ష్మి" చెదిరిపోతుంది, "కృష్ణ" మరోలా అయిపోతుంది. కాబట్టి అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించి, ఇద్దరు వేర్వేరుగా చదివి, ఆ మనిషి ఇంట్లో చూపించి, సంతకం పెట్టించుకున్నాకే రాయి మీదికి వెళ్ళనివ్వండి. పేరు అక్షరం ఎత్తు ఒక అంగుళం, సంవత్సరాలకు అర అంగుళం. తెలుగుకు కింద ఒత్తులుంటాయి కనుక వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. అంగుళంన్నర లోపు సందులో ఇరికించిన పలకలు నాలుగడుగుల దూరం నుంచే చిక్కుముడిలా కనిపిస్తాయి.

ఎక్కడ పెట్టాలి? హెడ్మాస్టారి గదిలో మాత్రం కాదు. పిల్లలు ప్రార్థన నుంచి తరగతులకు వెళ్ళే వరండాలో, వాన జల్లు పడని గోడకు, నాలుగు నుంచి ఐదడుగుల ఎత్తులో. ఆరో తరగతి పిల్ల తలెత్తకుండా చదవగలగాలి.

జ్ఞాపికకు గాజు, అక్రిలిక్ ముక్కలు ఎందుకు? మన పక్కనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర మీద లక్క, సహజ రంగులతో చేసే ఆ బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. బడి గంటో, పలకా బలపమో, సిరా బుడ్డో చేయించండి. ఆరు వారాల ముందు చెప్పాలి. కర్ర ఆరకుండా తొందరపెడితే తర్వాత పగులుతుంది. ఎండలో నిలిపిన కారులో వదలొద్దనీ, నేరుగా ఎండ తగిలే షోకేసులో పెట్టొద్దనీ ఒక చీటీ కూడా జతచేయండి.

ఆ రోజు

తొమ్మిదిన్నరకు మొదలు, పన్నెండున్నరకు భోజనం. సన్మానం పొందేవాళ్ళందరికీ కారో ఆటోనో మీరే పంపాలి, తోడుగా ఒక పిల్లవాడో పిల్లో ఇంటినుంచి వేదికదాకా ఉండాలి. వేదిక అడుగున్నర మించి ఎత్తు వద్దు, ఒక పక్క ర్యాంపు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు చేతుల కుర్చీలు. వాళ్ళు కూర్చునే చోటికి దగ్గర మరుగుదొడ్డి ముందురోజే కడిగించి తాళంచెవి ఒకరి చేతిలో పెట్టండి.

తొలి గంట వేదిక మీద కాదు, తరగతి గదుల్లో గడవాలి. ఒక్కొక్కరూ ముప్ఫై, నలభై మంది పిల్లలతో నలభై నిమిషాలు. పిల్లలు ముందే మూడేసి ప్రశ్నలు రాసుకుని ఉండాలి. వెల్డరుతో మాట్లాడిన గదిలో ఎప్పుడూ ప్రశ్నలు ఎక్కువే వస్తాయి.

తర్వాత సభ. అతిథుల ఉపన్యాసాలు రెండే, ఒక్కోటి ఐదు నిమిషాలు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆగకండి, డెబ్భై ఏళ్ళవాళ్ళను ఎండలో కూర్చోబెట్టి ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. పిలిచేటప్పుడు హెడ్మాస్టారు అడ్మిషన్ నంబరుతో హాజరు పిలిచినట్టు పిలవాలి. "అడ్మిషన్ నంబరు 2316, …………" అనగానే ఆ మనిషి లేచి "ప్రెజెంట్ సార్" అనడం ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. పాత గంట ఉంటే, గంట కొట్టిన అటెండరు చేత మొదటి గంట కొట్టించండి. పత్రం చదివేది పిల్లలు, శాలువా కప్పేది ఆ మనిషి దగ్గర చదివినవాళ్ళు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, అందులో రెండు వాళ్ళు మాట్లాడటానికి. మాట్లాడలేకపోతే మైకు ముందు పెట్టి ఇబ్బంది పెట్టకండి.

నాలుగు వందల మందికి నీళ్ళు ఇరవై లీటర్ల డబ్బాలు పదిహేను, మజ్జిగ ఎనభై లీటర్లు. పులిహోరకు నూరు మందికి పది కిలోల బియ్యం. అతిథులకు వేరే భోజనం పెట్టకండి. పిల్లలతో కలిసి అదే వరసలో, అదే వంట. మధ్యాహ్న భోజనం వండే అక్కచెల్లెళ్ళకు ముందే చెప్పి, అదనపు పనికి కూలి ఇవ్వండి. మాడుగుల హల్వా ఒక ముక్క చివర్లో పెడితే అందరికీ ఇష్టమే.

తర్వాత

వారం లోపు ఫొటోలు ప్రింటు తీయించి ఇంటికి ఇవ్వండి, ఫోన్లో పంపితే చాలదు. రాలేకపోయినవారి ఇంటికి శాలువా, పత్రం పట్టుకుని నలుగురు పిల్లలు వెళ్ళాలి.

చివరగా, గట్టి అట్ట వేసిన ఒక లాంగ్‌బుక్ కొని "గౌరవ రిజిస్టరు" అని రాయండి. ప్రతి ఒక్కరికీ ఒక పేజీ: పేరు, బడిలో ఉన్న ఏళ్ళు, ఎంపికకు కారణం, సన్మాన పత్రం ప్రతి, ఫొటో. ఆ పుస్తకాన్ని హెడ్మాస్టారి చార్జి లిస్టులో ఒక నంబరు వేసి ఎక్కించండి. హెడ్మాస్టారు బదిలీ అయితే ఫర్నిచరు, పుస్తకాలు, ల్యాబు సామాను లెక్కపెట్టి అప్పగించేటప్పుడు ఇదీ లెక్కలోకి వస్తుంది. లిస్టులో లేని పుస్తకం తర్వాతి వేసవి శుభ్రంలో పాత పేపర్ల కట్టలో కలిసి వెళ్ళిపోతుంది. రెండో ప్రతి యాజమాన్య కమిటీ దగ్గర ఉంచి, వచ్చే ఏడాది ప్రతిపాదనలు ఆగస్టు మొదటి తేదీ నుంచి అని మొదటి పేజీలోనే రాసిపెట్టండి.